కాజీపేట చలిలో రీగల్ జెరేనియం

వరంగల్, హనుమకొండ నర్సరీల్లో జెరేనియం కావాలంటే మామూలుగా చేతిలో పెట్టేది జోనల్ రకం. మెత్తటి గుండ్రటి ఆకు, ఆకు మధ్యలో ముదురు రంగు వలయం, పొడుగాటి కాడ చివర ఎర్రటి పూల గుత్తి. అది మంచి మొక్కే. మన తప్పులు చాలా ఓర్చుకుంటది, చలి ఉన్నా లేకున్నా పూస్తది. ఇక్కడ రాసేది దాని గురించి కాదు. అదే కుటుంబంలో రీగల్ పెలార్గోనియం అని ఇంకో వర్గం ఉంది. పువ్వు పెద్దది, పొగరు కూడా పెద్దదే. దాన్ని కాజీపేటలో మిద్దె మీద పూయించుడు ఎట్లనో చెప్తా.

రీగల్‌ను పువ్వు లేకున్నా ఆకు చూసి పట్టేయొచ్చు. ఆకు మీద వలయం ఉండదు. అంచు పళ్లు పళ్లుగా ఉంటది, పట్టుకుంటే బిరుసు, దోసిలి పట్టినట్టు కొంచెం లోపలికి వంగి ఉంటది. కొమ్మ ముదిరితే చెక్కబారుతది. పువ్వు రెండంగుళాల వెడల్పు దాకా వస్తది. ఐదు రేకులు, అందులో పై రెండిటి మీద ముదురు మచ్చ, ఆ మచ్చ నుంచి గొంతు దాకా సన్నటి గీతలు. తెలుపు, లేత గులాబీ, ఊదా, రెండు రంగులు కలిసినవి, దాదాపు నల్లగా కనిపించే మెరూన్ కూడా ఉన్నయి. ‘లార్డ్ బ్యూట్’ అని పాత రకం ఒకటి ఉంది: నల్ల మెరూన్ రేకు, చుట్టూ సన్నటి ఎర్ర అంచు. దొరికితే వదలకండి, మొండిది కూడా. అమెరికాలో ఈ వర్గాన్నే మార్తా వాషింగ్టన్ జెరేనియం అంటరు, పుస్తకాల్లో ఆ పేరు కనపడితే గాబరా పడొద్దు. ఈ మధ్య రైతులు నూనె తీయడానికి వేస్తున్న జెరేనియం మాత్రం పూర్తిగా వేరు. అది వాసన ఆకుల మొక్క, దాని పువ్వు ఇంత బుల్లిది.

నేను రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన. ఇప్పుడు ఆ పోస్టును ట్రైన్ మేనేజర్ అంటున్నరు. పేరు పెద్దదైంది, బ్రేక్ వ్యాన్‌లో చలి మాత్రం అదే. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రాత్రి డ్యూటీ చేసినోళ్లకు చలి స్టేషన్ స్టేషన్‌కు ఎట్ల మారుతదో తెలుసు. జమ్మికుంట, పెద్దపల్లి దాకా శాలువతో నడిచిపోతది. రామగుండం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కినంక మఫ్లర్ తీయాల్సిందే. బెల్లంపల్లి మీదుగా కాగజ్‌నగర్ పోయి అక్కడ లూప్ లైన్‌లో పెట్టి ఆపిండ్రంటే పండ్లు కటకటలాడుతయి. టీవీల్లో రోజూ చెప్పే సిర్పూర్ (యు) మా లైను మీద లేదు, అది ఇంకా లోపలికి ఉంటది, ఇంకా చలి. ఈ మొక్క తెచ్చి పెట్టుకున్నంక ఆ రాత్రుల జ్ఞానమే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే రీగల్ మొగ్గ వేసేది రాత్రి చలిని చూసి.

రాత్రి ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీల కంటే కిందికి దిగాలె. అది కూడా ఒక రాత్రి, రెండు రాత్రులు కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు. అప్పుడే కొమ్మ చివర మొగ్గ కడ్తది. చలి చాలకపోతే మొక్క పచ్చగా, దుక్కలాగ పెరుగుతది, ఒక్క మొగ్గ కూడా ఇయ్యదు. ‘ఆకు బాగనే ఉంది, పువ్వు రాదు’ అని అడిగేటోళ్లందరి జబ్బు ఇదే. ఎరువు వేస్తే పోయే జబ్బు కాదిది. ఎరువు వేస్తే ఇంకింత ఆకు వస్తది.

దీని మూలం దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం. పెలార్గోనియం కుకులాటం లాంటి అక్కడి అడవి జాతుల్ని ఐరోపా తీసుకుపోయి, ఒకదానితో ఒకటి కలిపి ఈ రీగల్ రకాలు చేసిండ్రు. కేప్ టౌన్ వైపు వానలు పడేది చలికాలంలో. ఎండాకాలం పొడిగా ఉంటది. అంటే దానికి నీళ్లు, చలి ఒకేసారి వస్తయి. మనకు నీళ్లు, ఉక్క ఒకేసారి వస్తయి. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా మీకే తోస్తది: ఎప్పుడు తడపాలె, ఎప్పుడు చేయి కట్టుకొని కూర్చోవాలె అనేది.

కొనేటప్పుడు

మన నర్సరీల్లో ఇది ఎప్పుడూ దొరకదు. డిసెంబరు, జనవరిలో బెంగళూరు, ఊటీ వైపు నుంచి లోడు వస్తే అందులో కొన్ని ఉంటయి. హైదరాబాద్‌ నెక్లెస్ రోడ్డు మీద జరిగే నర్సరీ మేళాలో వెతకొచ్చు. చుట్టాలెవరైనా ఊటీ పోతుంటే బట్టల బ్యాగులో రెండు కొమ్మలు తడి పేపర్‌లో చుట్టి తెమ్మనడం అన్నిటికంటే చవక.

నిండా పూసిన మొక్కను కొనకండి. మొగ్గలు ఉండి, ఒకటి రెండు పూలు మాత్రమే విచ్చినదాన్ని తీసుకోండి, రంగు కూడా తెలుస్తది. ఆకును తిరగేసి చూడండి. తెల్లటి చిన్న పురుగులు ఎగిరినా, ఆకు అడుగున బొడిపెల్లాగ అంటుకొని ఉన్నా వెనక్కి పెట్టేయండి. కాండం మట్టిని తాకే చోట గోరుతో నొక్కండి. గట్టిగా ఉండాలె. మెత్తగా, నల్లగా ఉంటే ఎంత పూసినా అది పోయే మొక్కే.

ఇంకో మాట. జనవరిలో మీరు తెచ్చిన మొక్క ఫిబ్రవరి దాకా బ్రహ్మాండంగా పూస్తది. అది మీ గొప్ప కాదు. దానికి కావాల్సిన చలి కొండ మీదనే తాగి వచ్చింది. మీ పరీక్ష వచ్చే ఏడాది చలికాలం. మా పక్కింటాయన మొదటి ఏడు పూలు చూసి, మీదికి ఇంకా పన్నెండు కుండీలకు ఆర్డర్ పెడ్తా అంటే నేను ఆపిన. రెండు మూడు పెట్టుకోండి, ఒక వానాకాలం దాటించండి, తర్వాత చూద్దాం అన్న.

తెచ్చిన వెంటనే కుండీ మార్చొద్దు. పూత అయిపోనీయండి. కవర్‌లో వచ్చినా సరే, కవర్ తోనే ఒక కుండీలో నిలబెట్టి ఉంచండి.

మట్టి, కుండీ

మట్టి కుండీ, ఎనిమిదంగుళాలది, అంతే. పెద్ద కుండీ పెడితే వేరు పట్టని చోట తడి నిలుస్తది, అక్కడి నుంచే కుళ్లు మొదలైతది. ప్లాస్టిక్ వద్దనడానికి కారణం ఇంకోటి ఉంది: మట్టి కుండీ గోడల నుంచి తడి ఆవిరై వేర్లు చల్లగుంటయి. కుమ్మరి దగ్గర కొనేటప్పుడు అడుగు రంధ్రం వేలు పట్టేంత ఉన్నదా చూసుకోండి, చిన్నగుంటే ఇంట్లో మేకుతో మెల్లగ పెద్దది చేసుకోవచ్చు.

నల్లరేగడి ముట్టొద్దు. పత్తికి బంగారం కావచ్చు, దీనికి బురద. చెల్క మట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పెంట ఎరువో వర్మీ కంపోస్టో ఒక పాలు, కాలిన ఊక ఒక పాలు. ఊక విషయం కొంచెం వివరంగా చెప్పాలె. మన దగ్గర రైస్ మిల్లులకు కొదువ లేదు, కాలిన ఊక బస్తాలకు బస్తాలు పారేస్తరు. అందులో తెల్లబారిన బూడిద వద్దు. నల్లగా, గింజ ఆకారం ఇంకా చెదరకుండా ఉన్న ఊక కావాలె. దాన్ని గోనె సంచిలో పోసి రెండు మూడు సార్లు నీళ్లతో కడగండి, ఎందుకంటే కాలిన ఊకలో క్షారం ఉంటది, ఈ మొక్కకు కొంచెం ఆమ్ల గుణమున్న మట్టి, అంటే పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే ఇష్టం. కడిగి ఆరబెట్టిన ఊక మట్టిని గుల్లగా ఉంచుతది, గడ్డ కట్టనీయదు. కొబ్బరి పొట్టు కంటే నాకు ఇదే నచ్చింది. కొబ్బరి పొట్టు వానాకాలంలో నీళ్లు పట్టుకొని వదలదు.

కలిపిన మట్టిని పిడికిట్లో పట్టి నొక్కి వదలండి. ముద్దగా నిలిస్తే ఇసుక తక్కువైనట్టు. వేలితో తాకంగానే రాలిపోవాలె.

నీళ్ల విషయంలో బోరు నీళ్లు మా వాడలో గట్టి నీళ్లు, బకెట్‌కు తెల్లటి పొర కడ్తది. అవే రోజూ పోస్తే కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడ్తయి. మట్టి క్షారమై ఇనుము అందక వచ్చే లోపం అది. భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో అవే పోయండి. వాన నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి పెట్టుకుంటే ఇంకా మంచిది, మూత పెట్టండి, లేకుంటే దోమలు.

బతుకమ్మ నుంచి శివరాత్రి దాకా

తారీఖులు కాకుండా పండుగలు చెప్తా, మనకు వాతావరణం పండుగలతోనే గుర్తుంటది.

సద్దుల బతుకమ్మ అయిపోయి, దసరా జమ్మి ఇచ్చుకున్నంక కత్తెర పట్టండి. అప్పటికి వానలు తగ్గుతయి. వానాకాలం దాటి బతికిన మొక్క కొమ్మలు పొడుగ్గా, అడుగున ఆకులు రాలి, వికారంగా ఉంటది. మూడో వంతు కొట్టేయండి. ప్రతి కొమ్మను కణుపుకు కొంచెం పైన కోయాలె, ఆ కణుపు నుంచి రెండు మూడు కొత్త చిగుర్లు వస్తయి. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి కోయండి, మొక్క మారినప్పుడల్లా మళ్లీ తుడవండి. కోసిన రోజు, మర్నాడు నీళ్లు పోయకండి, గాయం ఆరనీయండి. పాత మట్టిలో పైన రెండంగుళాలు తీసి కొత్త మట్టి వేయడానికి ఇదే సమయం.

కొత్త చిగురు నాలుగాకులు వేసినంక కొస గిల్లండి. మళ్లీ కొమ్మలు వేస్తది. మొగ్గ కొమ్మ చివర కడ్తది కాబట్టి ఎన్ని కొసలుంటే అన్ని గుత్తులు. కానీ ఈ గిల్లుడు కార్తీక పౌర్ణమికి బంద్ చేయాలె. ఆ తర్వాత గిల్లితే మొగ్గ కట్టబోయే కొసనే తీసేసినట్టయితది. చేతులు దురద పెడితే పక్కన తులసిని గిల్లుకోండి.

ఈ రెండు నెలలు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు ఒక గ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి ఇయ్యొచ్చు. చలి ముదిరినంక అది ఆపి పొటాష్ ఎక్కువుండే 13-0-45 లీటరుకు ఒక గ్రాము. ఈ రెండూ ఏ ఎరువుల దుకాణంలోనైనా కిలో ప్యాకెట్‌లో దొరుకుతయి. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయాలె, ఎండిన మట్టికి ఎరువు నీళ్లు పోస్తే వేరు మాడుతది. యూరియా వద్దే వద్దు.

ఇప్పుడు అసలు పని: చలి పట్టించుడు. కాజీపేట, హనుమకొండలో డిసెంబరు, జనవరి రాత్రులు చాలావరకు 15కూ 18కీ మధ్యనే తచ్చాడుతయి. ఉత్తరం గాలి తిరిగినప్పుడు 12, 13కు దిగుతయి. అంటే మనం గీత మీద ఉన్నం. ఒకటి రెండు డిగ్రీలు అటైతే పువ్వు, ఇటైతే ఆకు. మంచిర్యాల, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వాళ్లకు ఈ బాధ లేదు, వాళ్లు మొక్కను ఆరుబయట పెట్టి పడుకుంటే చాలు. మనం ఆ ఒకటి రెండు డిగ్రీలు సంపాదించుకోవాలె, దానికి పైసా ఖర్చు లేదు.

కుండీ స్లాబు మీద పెట్టొద్దు. పగలంతా ఎండకు కాగిన స్లాబు తెల్లారగట్ల దాకా వేడి వదుల్తనే ఉంటది. రాత్రి తొమ్మిదికి చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి నిలబడండి, అరికాలికే తెలుస్తది. ఇనుప స్టాండో, పాత మంచం చట్రమో వేసి, మోకాలెత్తున పెట్టండి, కింద నుంచి గాలి ఆడాలె. పడమటి గోడకు, పిట్టగోడకు ఆనించి పెట్టొద్దు, అవి కూడా అంతే. ఏసీ బయటి డబ్బా, గీజర్ పొగ గొట్టం దగ్గర అసలే వద్దు.

పైన రేకు గానీ, గ్రీన్ నెట్ గానీ, చెట్టు కొమ్మ గానీ ఉండొద్దు. మబ్బు లేని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తది, చుట్టూ ఉన్న గాలి కంటే ఇంకొంచెం చల్లబడ్తది. తెల్లారి చూస్తే ఆరుబయట పెట్టిన స్కూటర్ సీటు మంచుకు తడిసి ఉంటది, షెడ్డులోది పొడిగా ఉంటది, కారణం ఇదే. అదే చలి మన మొక్కకు కావాలె. చలికి పాపం అని రాత్రి ఇంట్లోకి తెచ్చి పెట్టేటోళ్లను చూసిన. మన ఊరి చలికి ఇది చావదు, గడ్డకట్టే చలి అయితేనే దీనికి ప్రమాదం, అది మన దగ్గర లేదు.

మినిమం, మ్యాక్సిమం రెండూ చూపించే థర్మామీటర్ ఒకటి కొని కుండీల మధ్య వేలాడదీయండి. పేపర్‌లో వచ్చే వరంగల్ ఉష్ణోగ్రత వేరు, మీ మిద్దె వేరు. మా మిద్దె మీదనే ట్యాంకు పక్కన మూలకు, ఈశాన్యం మూలకు తేడా ఉంది. రాత్రి ఎక్కడ తక్కువ చూపిస్తే మొక్కలు అక్కడ. పగలు మాత్రం ఐదారు గంటల ఎండ తగలాలె, ఆ నెలల్లో మన ఎండ దీనికి హాయి. పొద్దున ఎండ తగిలే చోటైతే ఆకు మీది మంచు తొందరగా ఆరుతది, బూజు పట్టదు.

ఈ నెలల్లో నీళ్లు మట్టి పైన అంగుళం ఎండినంకనే. పొద్దున పోయండి, సాయంత్రం వద్దు. మొగ్గ కనపడ్డంక మాత్రం మరీ ఎండబెట్టకండి, మొగ్గలు పసుపు పడి రాలుతయి.

సంక్రాంతి దాటినంక కొసల్లో చూడండి. లేత ఆకుల నడుమ పచ్చటి చిన్న ముడి లేస్తది, మీద నూగు. రెండు వేళ్లతో ఆకు పక్కకు జరిపితే లోపల కందిగింజంత మొగ్గలు దగ్గర దగ్గరగా కూర్చొని ఉంటయి. కాడ సాగి, ఒక్కొక్కటే తలెత్తి, పైతొడుగు చీలి రంగు గీత కనపడేదాకా కొన్ని వారాలు పడ్తది. మాఘమాసంలో, మేడారం జాతర ఉన్న ఏడైతే జాతర రోజుల్లో, మా ఇంట్లో మొదటి గుత్తి విచ్చుతది.

శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతది అంటరు. అది పోవుడుతోనే మధ్యాహ్నం ఎండ రేకుల అంచులు కాలుస్తది. అప్పుడు తూర్పు ఎండ మాత్రమే తగిలే వరండాలోకి మార్చండి. ఒక చోట చల్లగా ఉంటే గుత్తి చాలా రోజులు నిలుస్తది. రేకుల మీద నీళ్లు పడితే మచ్చలొస్తయి, నీళ్లు మట్టికే పోయండి. వాడిన గుత్తిని కాడతో సహా మొదట్లో పక్కకు వంచితే టక్కున విరుగుతది, కత్తెర అక్కర్లేదు.

పూసిన కుండీని చుట్టాలకు చూపించాలని హాల్లో టీపాయ్ మీద పెట్టినప్పుడు పక్కన పండ్ల బుట్ట ఉండొద్దు. మాగే అరటిపండు, సపోట, మామిడి నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తది. రీగల్ దానికి చాలా సున్నితం, ఎక్కువసేపు తగిలితే రేకులన్నీ ఒకేసారి రాలిపోతయి. బండి పొగ కూడా అంతే చేస్తది, అందుకే కారు షెడ్డులో పెట్టకండి. మా ఇంటామెకు ఈ పువ్వు మీద చిన్న చూపు: ‘జడలోకి పనికిరాదు, దేవునికి పెడితే మధ్యాహ్నానికి రేకులు రాలుతయి, దీనికింత చాకిరా’ అంటది. చేమంతి ఆమె లెక్క, రీగల్ నా లెక్క.

ఎండాకాలం

ఉగాది తర్వాత దీనికి పని లేదు, బతికితే చాలు. ఉత్తరం వైపు వరండా, లేదా 75 శాతం షేడ్ నెట్ కింద. ఎరువు బంద్. కొమ్మలు కొట్టొద్దు. సగం ఆకులు పండి రాల్తయి, రాలనీయండి. మట్టి పైన ఎండినప్పుడు పొద్దున్నే నీళ్లు. ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఎండకు కాగిన నీళ్లుంటయి, అవి ముందు బకెట్‌లోకి వదిలి, చల్లటి నీళ్లు వచ్చినంకనే కుండీకి పట్టండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆకు వాలిందని నీళ్లు పోయకండి. సాయంత్రం దానంతట అదే లేస్తే అది దాహం కాదు, వేడి.

వానలు పడ్డంక

ఎండలకు చచ్చిన రీగల్ కంటే వానలకు చచ్చినవే మా వాడలో ఎక్కువ. మృగశిర రాంగనే అందరూ కుండీలన్నీ వానలో పెట్టి సంబురపడ్తరు. మల్లె, మందారం పొంగిపోతయి. రీగల్‌ను మాత్రం రేకు కిందనే ఉంచండి. అది ఎండాకాలం సగం నిద్రలో ఉంటది, వేర్లు నీళ్లు తాగవు. ఆ వేర్ల చుట్టూ గోరువెచ్చటి తడి మట్టి ఉంటే వారంలో కాండం అడుగు నుంచి నల్లబడి పైకి పాకుతది. నలుపు పాకిన కాండాన్ని కాపాడలేం. పైన ఆరోగ్యంగా ఉన్న కొసలు కోసి కొమ్మలుగా నాటుకోవడం ఒక్కటే దారి, అది కూడా కోసిన చోట లోపల గోధుమ రంగు లేకుండా తెల్లగా ఉంటేనే.

కుండీని రెండు ఇటుకల మీద నిలబెట్టండి, రంధ్రం కింద ఖాళీ ఉండాలె. కింద పళ్లెం పెట్టొద్దు. కుండీకి కుండీకి మధ్య జానెడు దూరం. పండిన ఆకు, రాలిన రేకు మట్టి మీద ఉండనీయకండి, బూడిద రంగు బూజు అక్కడే మొదలైతది. నీళ్లు పోసే ముందు వేలు రెండో కణుపు దాకా దింపి చూడండి. అక్కడ తడి తగిలితే ఇయ్యాళ వద్దు. ముసురు పట్టిన వారంలో అసలు ఒక్క చుక్క కూడా అవసరం పడదు. కొందరు కుండీని ఎత్తి బరువు చూసి చెప్తరు, అలవాటైతే అదే ఉత్తమం.

ముసురుకు ముందే మట్టిలో ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే బూజును అణచే మేలు చేసే బూజు) కలిపిన వర్మీ కంపోస్టు గుప్పెడు వేయొచ్చు. కాండం దగ్గర మెత్తబడుతుందని అనుమానం వస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు తడపండి. రెండూ ఒకేసారి వద్దు, రాగి మందు ట్రైకోడెర్మానూ చంపుతది.

తెల్లదోమ, కోతులు

రీగల్‌కు మొదటి శత్రువు తెల్లదోమ. పత్తి చేన్ల జిల్లాలో ఉన్నం, ఆ దోమను మనకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. ఆకు అడుగున చేరి రసం పీలుస్తది, దాని జిగురు మీద నల్లటి మసి పడ్తది. కుండీకి పక్కనే పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి. వారానికోసారి కుండీని పక్కకు వంచి ఆకు అడుగులను నీళ్ల ధారతో కడగండి, మట్టి తడవకుండా పైన కవర్ కట్టి. ఎక్కువైతే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల షాంపూ వేసి బాగా గిలకొట్టి, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేట్టు కొట్టండి. వారం ఆగి మళ్లీ, ఎందుకంటే గుడ్లు దానికి చావవు. పూత మీద ఉన్నప్పుడు కొట్టొద్దు, రేకులు పాడైతయి. పత్తికి తెచ్చిన మందు సీసాలో అడుగున మిగిలింది కదా అని మిద్దె మీద కొట్టేటోళ్లున్నరు. బట్టలు ఆరేసే చోట, పిల్లలు ఆడే చోట ఆ పని చేయకండి.

మొగ్గకు గుండ్రటి రంధ్రం కనపడితే పచ్చ పురుగు లోపల ఉన్నట్టు. రాత్రి టార్చ్ వేసి ఏరేయడమే. కణుపుల్లో దూదిలాగ కనపడేది పిండినల్లి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి.

ఇగ కోతులు. ఆకు తినవు, రుచి నచ్చదేమో. మొగ్గ కాడలు విరిచి చూసి పారేస్తయి, కుండీ దొర్లిస్తయి. పటాకులు, బొమ్మ పులి అన్నీ నాలుగు రోజుల ముచ్చట. స్టాండ్ చుట్టూ, పైన కూడా కోళ్ల జాలి కట్టి చిన్న తలుపు పెట్టుకోవడమే శాశ్వత మార్గం. జాలి ఆకాశాన్ని అడ్డుకోదు, చలి మామూలుగానే తగుల్తది. కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త: ఈ ఆకు వాటి కడుపుకు పడదు, వాంతులైతయి. అందకుండా ఎత్తులో పెట్టండి.

కొమ్మలు నాటుడు

దసరా తర్వాత కొట్టేసిన కొమ్మలను పారేయకండి. వచ్చే వానాకాలంలో తల్లి మొక్క పోయినా మీ దగ్గర పిల్ల ఉండాలె, రీగల్ పెంపకంలో బీమా ఇదొక్కటే. మూడు నాలుగంగుళాల కొస, మరీ లేతదీ కాకుండా చెక్కబారిందీ కాకుండా చూసి, కణుపుకు కింద బ్లేడుతో కోయండి. పైన రెండు మూడు ఆకులుంచి మిగతావి, కణుపుల దగ్గరి చిన్న రెక్కలు తీసేయండి. నీడలో రెండు మూడు గంటలు వదిలితే కోత ఆరుతది. సగం ఇసుక, సగం కడిగిన ఊక కలిపి, టీ కప్పుల్లో అడుగున రంధ్రం చేసి, ఒక్కో కప్పులో ఒక్కో కొమ్మ గుచ్చండి. గులాబీ కొమ్మలకు కప్పినట్టు పాలిథిన్ కవర్ కప్పొద్దు, లోపలి తేమకు కుళ్లుతది. వెలుతురుండే నీడలో పెట్టి, ఇసుక పొడిబారినప్పుడు మాత్రమే కొద్దిగా తడపండి. మూడు నాలుగు వారాల్లో వేరు పడ్తది. పైన కొత్త ఆకు విచ్చుకుంటే వేరు వచ్చినట్టే, పీకి చూడాల్సిన పని లేదు. అప్పుడు నాలుగంగుళాల కుండీకి మార్చండి.

కొమ్మలప్పుడు అన్ని రంగులూ ఒకే తీరుగా ఉంటయి, ఏది తెలుపో ఏది మెరూనో పూసేదాకా తెలియదు. కప్పు మీద పేరు, నాటిన నెల రాసి పెట్టుకోండి, పెన్సిల్‌తో. మార్కర్ రాత మన ఎండకు ఉగాది లోపల ఎగిరిపోతది.